మమత లేని దయ: నల్లమల పులికూనలు, భరతుని లేడిపిల్ల

దయ, మమత అనే రెండు పదాలను లోకం ఒకే అర్థంలో వాడుతుంది. శాస్త్రం అట్లా వాడదు. 'మమ' అనగా నాది. నాది అనే భావన నుండి పుట్టినది మమత. దయకు ఆ భావనతో పని లేదు. ఎదుటి ప్రాణి దుఃఖాన్ని చూచి హృదయం ద్రవించుట, ఆ దుఃఖం తొలగుటకు చేయదగినది చేయుట, ఇంతవరకే దయ. బాహ్యంగా చూచినప్పుడు రెండింటి వర్తన ఒకటే. రెండూ ఆకలిగొన్న ప్రాణికి పాలు పడతాయి. రెండూ రాత్రులు మేలుకొంటాయి. రెండూ రోగానికి మందు వెదకుతాయి. భేదం తెలిసేది ఆ ప్రాణిని విడిచిపెట్టవలసిన వేళ వచ్చినప్పుడు మాత్రమే.

ఈ ధర్మసూక్ష్మాన్ని గ్రంథాల్లో చదువుట ఒక ఎత్తు, కన్నులెదుట జరుగుతుండగా చూచుట మరొక ఎత్తు. నంద్యాల సీమలో 2023 సంవత్సరంలో జరిగిన ఒక ఘటన ఆ రెండవ అవకాశాన్ని కల్పించినది.

శేషుని తోక నుండి పడగ వరకు

నంద్యాల నందుల ఊరు. మహానంది మొదలుకొని ప్రథమనంది, నాగనంది, సోమనంది, సూర్యనంది వంటి నవనందులు ఆ పట్టణంలోను, దాని పరిసరాల్లోను వెలసి ఉన్నాయి. పట్టణానికి తూర్పున నల్లమల నిలువుగోడవలె కనబడుతుంది. కృష్ణా, పెన్నా నదుల నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగిన ఈ పర్వతశ్రేణిని, దానిని ఆనుకొని ఉన్న శేషాచలాన్ని పెద్దలు ఆదిశేషుని దేహంగా భావించారు. శ్రీశైలం తోక, అహోబిలం నడుము, తిరుమల పడగ. ఆ అరణ్యంలోని ఉత్తరభాగమే నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983లో దానికి ఆ హోదా లభించినది. వైశాల్యంలో దేశంలోకెల్ల పెద్దది అదే.

2023 మార్చి తొలి వారంలో, నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం గ్రామం అంచున నాలుగు పులికూనలు గ్రామస్థుల కంట పడినవి. నాలుగూ ఆడకూనలే. తల్లి జాడ లేదు. ఆ సమయంలో గ్రామస్థులు చేసిన తొలి పని కుక్కల బారిన పడకుండా వాటిని ఒక గదిలో భద్రపరచి, అటవీశాఖకు కబురు పంపడం. పులి అనగా పశువులను పొట్టనబెట్టుకొనే మృగమని తరతరాలుగా ఎరిగిన పల్లె అది. అయినా కళ్ళెదుట కనిపించినది శత్రువు సంతానం కాదు, తల్లి లేని పసికూనలు. ఆ క్షణంలో అక్కడ వెల్లివిరిసినది శుద్ధమైన దయ.

అటవీశాఖ ముందున్న మొదటి కర్తవ్యం కూనలను పెంచడం కాదు, తల్లికి అప్పగించడం. పులి తన పిల్లలను పొదల్లోనో రాళ్ళమాటుననో దాచి వేటకు వెళుతుంది. ఒక్కొక్కప్పుడు చోటు మారుస్తుంది. కనుక ఒంటరిగా కనిపించిన ప్రతి కూన అనాథ కాదు. పాదముద్రలను వెదకారు, ట్రాప్ కెమెరాలు అమర్చారు. టి-108 అనే సంఖ్యతో గుర్తింపు పొందిన ఆడపులి ఆ కూనల తల్లి అని అధికారులు భావించారు. సమాగమం మాత్రం జరగలేదు. కొద్ది రోజుల అనంతరం ఆ నాలుగు కూనలను తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలకు తరలించారు. శేషుని తోకవద్ద పుట్టిన ప్రాణులు ఆ విధంగా శేషుని పడగ నీడకు చేరినవి.

గండకీతీరంలో జరిగినది

ఈ వృత్తాంతం విన్నంతనే భాగవతం చదివినవారికి పంచమస్కంధం జ్ఞప్తికి వస్తుంది. పోతన పేరుతో ప్రసిద్ధమైన ఆంధ్రమహాభాగవతంలో ఆ స్కంధాన్ని తెనిగించినవాడు గంగన. అందులోని భరతుడు సామాన్యుడు కాడు. ఋషభదేవుని కుమారుడు, చక్రవర్తి. రాజ్యాన్ని, భార్యాపుత్రులను తృణప్రాయంగా విడిచి గండకీతీరంలోని పులహాశ్రమంలో తపస్సు చేసికొన్నవాడు.

ఒకనాడు నిండుచూలాలైన లేడి ఒకటి నది వద్ద నీరు త్రాగుతున్నది. ఇంతలో సింహగర్జన వినబడినది. భయంతో లేడి ఏటికి అడ్డంగా ఎగిరినది. గర్భం జారి పిల్ల ప్రవాహంలో పడినది. తల్లి ఆవలి గట్టున ప్రాణాలు విడిచినది. భరతుడు ఆ పిల్లను నీటినుండి తీసి ఆశ్రమానికి తెచ్చినాడు. ఇక్కడివరకు ఆయన చేసినదంతా ధర్మం. తీయకుండా చూస్తూ ఊరకుంటే అది అధర్మమయ్యేది.

ఆ తరువాత దినదినం ఒక్కొక్క నియమం జారినది. లేడిపిల్లకు గడ్డి కోయడం, తోడేళ్ళ నుండి కాపాడడం, భుజాన మోయడం, ఒడిలో నిద్రపుచ్చడం. పూజామధ్యంలో లేచి అది ఎక్కడున్నదో చూచుకొనేవాడు. మేతకు వెళ్ళి రావడం ఆలస్యమైతే విలపించేవాడు. రాజ్యాన్ని వదలినవాడు లేడిని వదలలేకపోయినాడు. అంత్యకాలంలో ఆయన మనస్సున నిలిచినది పరమాత్మ కాదు, ఆ పిల్లయే. ఫలితంగా మృగజన్మ కలిగినది.

ఈ కథను చెప్పేటప్పుడు కొందరు "జంతువులను చేరదీయరాదు, అది బంధహేతువు" అని ముగిస్తారు. అది కథకు అన్యాయం చేసే వ్యాఖ్యానం. భాగవతం భరతుని దయను ఎన్నడూ నిందించలేదు. లేడిపిల్ల మేయనేర్చినది, పరుగెత్తనేర్చినది. తక్కిన లేళ్ళ గుంపులో కలియదగిన కాలం వచ్చినది. ఆ కాలాన్ని భరతుడు గుర్తించలేదు. దాని అవసరం తీరిన తరువాత కూడా తన అవసరం తీరలేదు. దయ ముగిసి మమత మొదలైన గీత అక్కడున్నది. ఆ గీతను దాటినందువల్ల నష్టపోయినది సాధకుడు ఒక్కడే కాదు. లేడికి కూడా తనదైన అడవి జీవితం దూరమైనది. ఈ రెండవ నష్టాన్ని వ్యాఖ్యాతలు అంతగా పట్టించుకొన్నట్లు కనబడదు. పులికూనల విషయంలో మొదట ఆలోచించవలసినది దాని గురించే.

పంజరంలో దినచర్య

తిరుపతి జంతుప్రదర్శనశాల 1987 సెప్టెంబరు 29న ప్రారంభమైనది. శేషాచల పాదంలో 5,532 ఎకరాల విస్తీర్ణం గలది. పురాణేతిహాసాలలో ప్రస్తావన గల జంతువులను ప్రదర్శించాలనే సంకల్పం దాని స్థాపనలో ఉన్నది. దేశంలోని జంతుశాలలన్నింటి ప్రమాణాలను పర్యవేక్షించుటకు 1992లో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ ఏర్పడినది. అప్పటినుండి ఇరుకు ఇనుపబోనుల స్థానంలో కందకాలు, చెట్లు, నీటిగుంటలు గల విశాలమైన ఆవరణలు వచ్చినవి.

అటువంటి ఆవరణలో పెద్దపులి దినచర్యకు ఒక క్రమం ఉంటుంది. ఉదయం సంరక్షకుడు రాత్రిగదుల వద్దకు వచ్చి మొదట చూచేది పులిని కాదు, నేలను. రాత్రి పెట్టిన మాంసంలో ఎంత మిగిలినది, మలం ఎట్లా ఉన్నది, నీరు త్రాగినదా లేదా. రోగాన్ని దాచుకొనుట వన్యమృగస్వభావం. బలహీనత బయటపడితే అడవిలో బ్రతుకు లేదు. కాబట్టి దాని కన్నుల కంటె దాని పళ్ళెమే నిజం చెబుతుంది. తరువాత తలుపు తెరుస్తారు. ఆవరణలోకి వచ్చిన పులి వెంటనే పడుకొనదు. అంచుల వెంబడి నడచి, చెట్టు మొదళ్ళను వాసన చూచి, మూత్రం చిమ్మి తన ఎల్లలను మరల నిర్ణయిస్తుంది. నిన్న చేసిన పనినే నేడు మరల చేస్తుంది. పరిచితుడైన సంరక్షకుడు కనిపిస్తే ముక్కుతో బుసబుసలాడే మృదువైన ధ్వని ఒకటి చేస్తుంది. అది కోపం కాదు, పులిభాషలో కుశలప్రశ్న.

మధ్యాహ్నం నిద్ర. రాయలసీమ ఎండలో నీటిగుంటయే దానికి శరణ్యం. పిల్లిజాతిలో నీటిని ఇంతగా ప్రేమించే ప్రాణులు అరుదు. సందర్శకులు "ఎప్పుడు చూచినా పడుకొనే ఉంటుంది" అని నిరాశపడతారు. అడవిలో సైతం పులి దినంలో అధికభాగం విశ్రమించే ఉంటుంది. సంధ్యాసమయాల్లోను, రాత్రివేళల్లోను అది మేలుకొంటుంది. సాయంకాలం అయ్యేసరికి రాత్రిగదిలో మాంసం సిద్ధంగా ఉంటుంది. తాళపుచెవుల శబ్దం వినగానే పులి తలుపు వద్దకు తానే వస్తుంది. అనేక జంతుశాలల్లో వారానికి ఒకనాడు మాంసాహారులకు ఉపవాసం. అడవిలో వేట ప్రతిదినం దొరకదు. దొరికిననాడు కడుపునిండ తిని, తరువాత దినాల తరబడి ఖాళీకడుపుతో తిరుగుతుంది. ఆ దేహధర్మాన్ని అనుసరించి ఏర్పడినదే ఈ నియమం. ఏకాదశీవ్రతం పాటించే సందర్శకునికి ఈ సంగతి చిత్రంగా తోచవచ్చు. మనిషికి ఉపవాసం సంకల్పం, పులికి స్వభావం.

ఇక్కడ కొందరు సాత్త్వికులు ఒక సంశయం వెలిబుచ్చుతారు. ఒక ప్రాణిని బ్రతికించుటకు మరొక ప్రాణి మాంసం పెట్టడం అహింసకు విరుద్ధం కాదా? గీతాచార్యుడు విద్యావినయసంపన్నునియందు, గోవునందు, ఏనుగునందు, శునకమునందు సమదర్శనం బోధించినాడు. అయితే సమదర్శనం సమవర్తనం కాదని సంప్రదాయజ్ఞులు ఎప్పుడో తేల్చినారు. అందరిలో ఒకే ఆత్మను చూడవలసినదే. అందరికీ ఒకే ఆహారం పెట్టవలసినదని దాని అర్థం కాదు. గోవుకు గడ్డి, పులికి మాంసం. పులికి పెరుగన్నం పెట్టేవాడు అహింసను పాటించినట్లు భ్రమపడతాడు, నిజానికి ఆ పులిని హింసిస్తాడు.

అయినను పంజరం పంజరమే. దానికి సాక్ష్యం పులి పాదాలే చెబుతాయి. బంధించిన మాంసాహారులలో కొన్ని ఒకే దారిలో, ఒకే మలుపు వద్ద తిరుగుతూ, గంటల తరబడి అటునిటు నడుస్తాయి. రోస్ క్లబ్, జార్జియా మేసన్ అనే శాస్త్రజ్ఞులు 2003లో నేచర్ పత్రికలో ప్రకటించిన పరిశీలన ప్రకారం, అడవిలో ఎంత విశాలమైన ప్రదేశంలో సంచరించే జాతికి చెందితే బంధనంలో ఈ నిరర్థకసంచారం అంత ఎక్కువ. వేటకై తిరగవలసిన అవసరం తీరినది, తిరగవలెననే వాసన తీరలేదు. కర్మఫలం చేతికి అందినా కర్మవాసన నశించదనే వేదాంతసిద్ధాంతానికి ఇంతకంటె ప్రత్యక్షమైన ఉదాహరణ దొరకదు. అందువల్లనే మేలైన జంతుశాలల్లో మాంసాన్ని దాచి వెదకిస్తారు, గోళ్ళు గీరుకొనుటకు మొద్దులు పెడతారు, కొత్త వాసనలను ఆవరణలో చల్లుతారు. పులికి కావలసినది తిండి మాత్రమే కాదు, తన స్వభావానికి తగిన పని కూడా.

ముఖం చూపని పెంపకం

కూనల విషయం మరింత సున్నితమైనది. పులికూన గ్రుడ్డిగా పుడుతుంది. ఒకటి రెండు వారాలకు కన్నులు తెరుస్తుంది. రెండు నెలల ప్రాయంలో మాంసం రుచి చూస్తుంది. సుమారు రెండేళ్ళ వరకు తల్లిని విడువదు. ఆ రెండేళ్ళు విద్యాభ్యాసం. మాటు వేయుట, గాలివాటం ఎరుగుట, గొంతు పట్టుట, అన్నింటికంటె ముఖ్యంగా మనిషికి దూరంగా తొలగుట. నాలుగు కూనలు ఒకచోట ఉన్నప్పుడు తల్లి లేకున్నా వీటిలో కొంత అవి ఆటలోనే నేర్చుకొంటాయి. ఒకటి నక్కి ఉంటుంది, మరొకటి ఏమరుపాటుగా వస్తుంది, మెడపై పంటిగాటు పడుతుంది. తోబుట్టువులే గురువులు. చివరి పాఠాన్ని మాత్రం తోబుట్టువులు నేర్పలేవు. మనిషి చేతిలో పాలు త్రాగిన కూన మనిషిని తల్లిగా ఎంచుకొంటుంది. అట్లా ఎంచుకొన్న పులిని అడవిలో విడిచితే, ఆకలి వేసినప్పుడు అది జింకల వైపు కాక పల్లెల వైపు నడుస్తుంది.

తల్లి లేని కూనల విషయంలో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ రూపొందించిన విధానం ఈ ప్రమాదాన్ని దృష్టిలో ఉంచుకొన్నది. మొదట తల్లితో కలిపే ప్రయత్నం. అది సాధ్యం కాకపోతే అడవిలోనే ఏర్పరచిన ఆవరణలో, మనుష్యసంపర్కం లేకుండా పెంపకం. కనీసం రెండు సంవత్సరాల వయస్సు. కనీసం 50 పర్యాయాలు స్వయంగా వేటాడి చంపిన అనుభవం. ఇవన్నీ సిద్ధించిన పిమ్మటనే విడుదల ఆలోచన.

ఇది అసాధ్యమైన ఆదర్శం కాదు. మధ్యప్రదేశ్‌లోని పన్నా అభయారణ్యంలో 2009 నాటికి పులులు పూర్తిగా అంతరించినవి. కన్హా అడవిలో తల్లిని కోల్పోయిన రెండు ఆడపులులను ఆవరణలో పెంచి, వేట నేర్వనిచ్చి, 2011లో పన్నాలో విడిచినారు. అనాథగా పెరిగిన పులి స్వేచ్ఛారణ్యంలో మరల తల్లి అయినది. పెంచినవారు ముఖం చాటువేసినందువల్లనే ఇది సాధ్యపడినది.

ఆ నియమాలలోని కాఠిన్యాన్ని ఒకసారి తలపోయవలెను. ఆహారం అందించవలెను, ముఖం చూపరాదు. రోగం కనిపెట్టవలెను, లాలించరాదు. పేరు పెట్టి పిలువరాదు. పిల్ల మూలిగితే గుండె కరగవలెను, చేయి మాత్రం చాపరాదు. దూదిపింజ వంటి పులికూనను ఒడిలో ఉంచుకొని ఛాయాచిత్రం తీయించుకొనే అవకాశం కళ్ళెదుట ఉండగా దానిని త్యజించవలెను. భరతచక్రవర్తికి తపోబలం ఉండి కూడ సాధ్యం కానిది, నెలజీతానికి పనిచేసే సామాన్య సంరక్షకుని నుండి ఈ విధానం అపేక్షిస్తున్నది. నిష్కామకర్మ అనే మాటను వేదికలపై వినివిని అది శుష్కపదమైనది. దాని సజీవార్థం కావలసినవారు, తానెవరో ఎరుగని కూనకు తెర చాటునుండి మాంసం జార్చి వెనుదిరిగే మనిషిని ఊహించుకొంటే చాలు.

ఆళ్ళగడ్డ రాయి, అహోబిల సింహం

ఆత్మకూరు అడవుల నుండి తిరుపతికి సాగే రాజమార్గంలో నంద్యాల దాటిన పిమ్మట ఆళ్ళగడ్డ వస్తుంది. దేవతావిగ్రహాలకు పేరుపడిన శిల్పుల ఊరు అది. అక్కడి శిల్పశాలల ముంగిట వాహనసింహాలు, నందులు, గరుత్మంతులు రాతిలో సగం పొడచూపి, సగం మరుగుపడి కనబడతాయి. రాయిని శిల్పి తన భావన ప్రకారం మలుస్తాడు. సింహం ఎంతమేర నోరు తెరవవలెనో నిర్ణయించేది శిల్పశాస్త్రం. ప్రాణమున్న మృగాన్ని అట్లా మలచబోవుటయే దోషం. రాతిసింహానికి చేతులు జోడించిన యాత్రికుడు జంతుశాలలో సజీవసింహం ముందు నిలిచి, అది లేచి గర్జించలేదని ఈలలు వేస్తాడు, గులకరాళ్ళు విసురుతాడు. తాను వచ్చిన వేళకు అది విగ్రహంవలె దర్శనమియ్యవలెనని ఆశిస్తాడు.

ఆళ్ళగడ్డ మండలంలోనే ఉన్న అహోబిలం ఇందుకు భిన్నమైన మర్యాదను నేర్పుతుంది. అక్కడ నరసింహుడు తొమ్మిది రూపాలతో కొండల్లోను గుహల్లోను ఉన్నాడు. జ్వాలానరసింహుని చూడగోరిన భక్తుడు వాగులు, రాళ్ళు దాటి ఆయన చోటికే పోవలెను. కనుమనాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో మాత్రం స్వామి తానే కొండ దిగి, సుమారు 40 దినాలు చుట్టుప్రక్కల పల్లెల్లో సంచరిస్తాడు. తన కల్యాణానికి రమ్మని ప్రజలను పిలుచుటకు వస్తాడని భక్తుల విశ్వాసం. చెంచులక్ష్మిని పరిణయమాడినందున ఆయన చెంచులకు అల్లుడు. ఉత్సవారంభంలో చెంచులు పల్లకి వైపు బాణాలు వేస్తారు. అది ద్వేషం కాదు, బంధుప్రేమ. ఉగ్రసింహాన్ని అల్లునిగా చేసికొన్నవారు సైతం ఆయనను కట్టివేయలేదు. ఆయన వస్తాడు, వెళతాడు. ఇప్పటికీ నల్లమలలో పులుల పాదముద్రలు గుర్తించి వాటికి కాపలా కాసే పనిలో చెంచులున్నారు. బంధుత్వానికి, స్వామ్యానికి గల అంతరం వారికి పురాణం ద్వారా కాక జీవితం ద్వారా తెలిసినది.

అట్లని అడవికి, ఊరికి నడుమ అంతా మైత్రియే అని చెప్పుట సత్యం కాదు. 2024 జూన్ నెలలో ఇదే జిల్లాలో, నంద్యాల–గిద్దలూరు దారిలోని పచ్చర్ల వద్ద చిరుతపులి దాడిలో ఒక స్త్రీ ప్రాణం కోల్పోయినది. ఆ ఇంటివారికి దయ, మమతల భేదం బోధించబోవుట క్రూరత్వం. అటువంటి మృగాన్ని పట్టి బంధించుట అనివార్యం కావచ్చు. మనుష్యప్రాణరక్షణ రాజధర్మం. అయితే ఆ బంధనం శిక్ష కారాదు. పులికి పాపపుణ్యాలు లేవు. దానిది భోగయోని, కర్మయోని కాదు. తన స్వభావాన్ని అనుసరించినందుకు దానిని దండించుట నిప్పును కాలినందుకు తిట్టుట వంటిది. దయతో తెచ్చినదైనా, భయంతో తెచ్చినదైనా, పంజరం చేరిన ప్రాణికి మనుష్యుడు పడిన ఋణం ఒక్కటే. అడవికి పంపగలిగితే పంపుట, పంపలేకపోతే అది పులిగానే బ్రతుకుటకు కావలసిన నీడ, నీరు, ఏకాంతం, పని కల్పించుట.

న్యాసం

భరతునికి ఎదురుగా నిలుపదగిన మరొక ఆశ్రమవాసి ఉన్నాడు. కన్నతల్లి విడిచిపోగా అడవిలో పక్షులు కాచిన శిశువును కణ్వమహర్షి తెచ్చి శకుంతల అని పేరు పెట్టి పెంచినాడు. ఆమెను పతిగృహానికి పంపే వేళ, సర్వసంగపరిత్యాగి అయిన ఆయన కంఠం కూడ గద్గదమైనది. కాళిదాసు ఆ దుఃఖాన్ని దాచలేదు. అయితే ఆ కన్నీటితోనే ఆయన ఆమెను సాగనంపినాడు. పెంచిన పిల్ల ఆయనకు సొత్తు కాదు, న్యాసం. ఇతరులు నమ్మి దాచుకొన్న దానిని కాలం రాగానే అప్పగించినవాని మనస్సు ఎంత నిర్మలంగా ఉంటుందో అంత నిర్మలంగా ఆయన వెనుదిరిగినాడు.

కనుక మమత లేకపోవుట అనగా హృదయం ఎండిపోవుట కాదు. భరతుడు, కణ్వుడు ఇద్దరూ అనాథశిశువును ఎత్తుకొన్నవారే, ఇద్దరూ ప్రేమించినవారే. ఒకనికి ఆ ప్రేమ మరుజన్మ అయినది, మరొకనికి తీరిన ఋణమైనది. మృగజన్మ ఎత్తిన భరతుడు సైతం తుదకు ఈ సత్యాన్నే ఆచరించినాడని భాగవతం చెబుతున్నది. పూర్వస్మృతి గల ఆ లేడి తల్లిని, గుంపును విడిచి కాలంజరం నుండి పులహాశ్రమానికి తిరిగి వచ్చి, ఎవరితోను చెలిమి చేయక ఎండుటాకులు మేస్తూ కాలం గడిపినది. ఆ జన్మలో దానికి కావలసినది మరొకరి ఒడి కాదు.

పెద్దగుమ్మడాపురంలో కూనలను చూచి కుక్కలను అదిలించిన చేతులు, తిరుపతిలో పాలు పట్టిన చేతులు, ఆ వన్యప్రాణుల పట్ల నిర్వహించినది న్యాసరక్షణయే. న్యాసాన్ని భద్రంగా కాపాడుట సగం ధర్మం. ఇది నాది కాదు అనే ఎరుకతో కాపాడుట తక్కిన సగం. ఇంటిలో బిడ్డను పెంచే తల్లిదండ్రులకు, విద్య నేర్పే గురువుకు, దేహమనే పంజరంలో కొంతకాలం నివసించే జీవునికి కూడ ఇదే వర్తిస్తుంది.

స్వస్తి.